ధ్యానారామమున సాముగరిడీల సంత

కొన్ని నెలల క్రిందట తరగతిలో హ్యూయన్‌త్సాంగు యాత్రను గూర్చి పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, చీనావారికి కుంగ్‌ఫూ నేర్పినది మన దక్షిణదేశపు బోధిధర్ముడే కదా?" అని యడిగెను. ఎక్కడ వింటివంటిని. సినిమాలో చూచితిననెను. 2011లో తమిళమున వెలువడి 'సెవెన్త్ సెన్స్' అను పేర తెలుగులోనికి వచ్చిన చిత్రమది. తక్కిన పిల్లలందరును నిజమేనన్నట్లు తలలూపిరి. వారి ముఖములందలి గర్వమును చూచి కాదని త్రోసివేయుటకు నాకు నోరు రాలేదు. అవునని యొప్పుకొనుటకు మనసు రాలేదు. అంతలో గంట కొట్టిరి. ఆనాడు చెప్పవలసియుండి చెప్పలేకపోయిన సమాధానమును ఇచట వ్రాయుచున్నాను. బోధిధర్ముని పేరుతో నేడు లోకప్రసిద్ధమైన షావోలిన్ విహారము ఎట్టి స్థితికి వచ్చినదో, ఆ స్థితికి మన గర్వము గూడ ఎంతవరకు తోడ్పడుచున్నదో విచారించుట నా యుద్దేశము.

షావోలిన్ విహారము చీనాదేశమున హెనాన్ రాష్ట్రములో, డెంగ్‌ఫెంగ్ పట్టణమునకు చేరువను, సాంగ్‌షాన్ పర్వతములలోని షావోషి కొండ పాదమున కలదు. షావోషి కొండ యొక్క అడవి యనియే దాని పేరునకర్థము. క్రీ. శ. 495లో ఉత్తర వెయి వంశపు చక్రవర్తి షియావోవెన్ భారతదేశమునుండి వచ్చిన బుద్ధభద్రుడను భిక్షువు కొరకు దీనిని కట్టించెను. చీనావారు ఆయనను బాతువో అందురు. ఆ భిక్షువు ధ్యానమునం దాసక్తుడు. రాజధానియందలి సందడి సహింపక తరచుగా కొండలకు పోవుచుండెడివాడు. అది గ్రహించి చక్రవర్తి అక్కడనే ఆయనకొక నివాసమేర్పరచెను. విహారము పుట్టుకకు కారణము ఇంతమాత్రమే. దీనిని మనస్సునందుంచుకొనినగాని తరువాతి కథ యొక్క బరువు తెలియదు.

నేడు అక్కడకు పోవువారికి మొదట ఎదురగునది టిక్కెట్టు కిటికీ. లోపల దినమునకు పలుమారులు సాముగరిడీల ప్రదర్శనము జరుగును. గొరిగిన తలలతో, భిక్షువేషముతో యువకులు గాలిలో పల్టీలు కొట్టుదురు. ఇనుపకడ్డీలను నుదుట విరుగగొట్టుదురు. బల్లెపు మొనను కంఠమున కానించి వంచుదురు. వారిలో పలువురు దీక్ష పొందినవారు కారు. ప్రదర్శనకై తర్ఫీదు పొందినవారు. ఊరిలో ఎటు చూచినను సాముబడులే. 1978లో మొదలైన తాగౌ బడి యొక్కదానియందే పదులవేలమంది బాలబాలికలు చేరియున్నారు. ఇక అదే ఆవరణమున గతించిన ఆచార్యుల అస్థికలపై లేచిన ఇటుక స్తూపములు, రాతి స్తూపములు రెండువందలకు పైగా ఒక్కచోట నిలిచియున్నవి, దానిని స్తూపవనమందురు. సమీపమున 1125లో కట్టిన కొయ్యమందిరము ఇప్పటికిని చెక్కుచెదరక యున్నది. 2010లో యునెస్కోవారు వీనిని ప్రపంచవారసత్వ పట్టికలో చేర్చిరి. అయినను వచ్చినవారిలో అధికులు చూడవచ్చినది స్తూపములను గాదు, పల్టీలను.

సాము అక్కడ నిన్న మొన్న తెచ్చిపెట్టినదని నేననుట లేదు. అట్లనుట చరిత్రకు ద్రోహము. 621లో, పిదప తాంగ్ వంశపు చక్రవర్తి తైజుంగ్ అయిన లీ షిమిన్, తన ప్రతిస్పర్థియైన వాంగ్ షిచుంగ్‌తో పోరాడునపుడు షావోలిన్ భిక్షువులు అతనికి తోడ్పడిరి. అందులో పదుమువ్వురి పేర్లు శిలాశాసనమునకెక్కినవి. 728లో ఎత్తిన ఆ శాసనము నేటికిని విహారముననే కలదు. మింగ్ వంశపు కాలమున 1553లో సముద్రపు దొంగలపై జరిగిన పోరాటములలో భిక్షువులు ఆయుధములు పట్టిరి. క్రీ. శ. 1610 ప్రాంతమున చెంగ్ జుంగ్‌యౌ అను నతడు అచటి కర్రసామును గూర్చి ఒక గ్రంథమే వ్రాసెను. అతడు భిక్షువు కాడు. అక్కడ ఏండ్లతరబడి శిష్యరికము చేసిన గృహస్థు. అహింసావ్రతము పట్టినవారు కర్ర పట్టుట తగునా యనునది వేరొక చర్చ. కొండలలో దొంగలభయము, రాజకీయపు కల్లోలము, కాపాడుకొనవలసిన పొలములు ఉన్నచోట కర్రసాము పుట్టుట వింత కాదు. కాబట్టి సాము ఉన్నదనుట నా ఆక్షేపణము కాదు. విహారమున సాము ఉండుటకును, సాము కొరకే విహారముండుటకును గల భేదమును గూర్చియే నా విచారము.

ఇక బోధిధర్ముని సంగతి. ఆయనను పేర్కొన్న మొట్టమొదటి గ్రంథము 547లో యాంగ్ షువాన్‌జి వ్రాసిన లోయాంగ్ విహారముల వర్ణనము. అందులో ఆయన పారసీక దేశీయుడని యున్నది. ఆయన బోధను గ్రంథస్థము చేసిన తాన్‌లిన్ దక్షిణభారతపు రాజకుమారుడనెను. ఏడవ శతాబ్దమున దావోషువాన్ దక్షిణభారత బ్రాహ్మణుడనెను. కంచి రాజకుమారుడను మాట తరువాతి సంప్రదాయము. ఆయన గోడవైపు తిరిగి ధ్యానము చేసెనని చెప్పుదురు. కొండగుహలో తొమ్మిదేండ్లట్లు కూర్చుండెనని కథ పెరిగినది. ఈ ప్రాచీనుల వ్రాతలలో ఒక్కదానియందును ఆయన ఎవరికైనను పిడికిలి పట్టుట నేర్పెనన్న మాట లేదు. ఆ మాటకు మూలము 'యీజిన్‌జింగ్' అను వ్యాయామగ్రంథము. బోధిధర్ముడే దానిని విడిచిపోయెనని దాని పీఠిక చెప్పును. కాని ఆ గ్రంథము 1624 నాటిదని, పీఠికలు కల్పితములని చీనా పండితులే నిర్ణయించిరి. అనగా ఆయన కాలమునకును ఈ కథకును నడుమ వెయ్యేండ్లకు మించిన యెడము కలదు. ఇరువదవ శతాబ్దపు నవలలును, వార్తాపత్రికలును, పిదప చలనచిత్రములును ఆ యెడమును పూడ్చివేసినవి.

సంస్కృతము కొంచెము చదువుకొన్నవాడను గావున మాటల చరిత్ర నాకు మనుష్యుల చరిత్రవలెనే తోచును. మన 'ధ్యాన' శబ్దము చీనాదేశమునకు పోయి 'చాన్న' యై, 'చాన్' అయి, అక్కడినుండి జపానునకు పోయి 'జెన్' అయినది. 'కుంగ్‌ఫూ' యనునది చీనా మాట. కాలము వెచ్చించి, ఒడలు వంచి చేసిన కృషి యని దాని మొదటి అర్థము. చాన్ గురువులు ధ్యానాభ్యాసమునకే ఆ మాటను వాడుచుండిరి. మనము 'సాధన' యన్నట్లు. అది పోరాటమునకు మాత్రమే పేరగుట ఇటీవలి సంగతి. ఇట్లుండగా మనదేశమునుండి పోయిన ధ్యానమును మన పిల్లలు మరచిరి. మనదేశమునుండి పోని ముష్టియుద్ధమును గూర్చి గర్వపడుచున్నారు. ఇంతకంటె విచారకరమైన మార్పిడి వేరొకటి యుండునా?

ఆనాడు నా పాఠములోని హ్యూయన్‌త్సాంగునకును షావోలిన్‌కును సంబంధము కలదు, తెలుగుదేశమునకును కలదు. ఆయన భారతయాత్రలో ఆంధ్రదేశమునకు వచ్చి, ధాన్యకటకమున కొన్ని నెలలు నిలిచి, అక్కడి భిక్షువులవద్ద మహాసాంఘికుల అభిధర్మమును చదువుకొనెను. 645లో స్వదేశమునకు చేరినప్పుడు చక్రవర్తి తైజుంగ్ ఏమి కావలయునని యడుగగా, షావోలిన్‌కు పోయి తాను తెచ్చిన గ్రంథములను అనువదింప అనుజ్ఞ వేడెను. ఆ చోటు అంగళ్ళకును ఊళ్ళకును దూరముగా, సెలయేళ్ళ నడుమ ప్రశాంతముగా ఉండునని ఆయన చెప్పిన కారణము. చక్రవర్తి ఒప్పక రాజధానిలోనే నిలిపెను. 657లో, వయసు మళ్ళినపిదప, మరల అప్పటి చక్రవర్తికి విన్నపము వ్రాసెను: సగము జీవితము అనువాదములో గడచినది, ఇక షావోలిన్ కొండలలో ధ్యానము చేసికొననిమ్మని. ఈ మారును అనుజ్ఞ దొరకలేదు. అంగళ్ళకు దూరమని హ్యూయన్‌త్సాంగు ఏ చోటును రెండుమారులు అడిగియు పొందలేకపోయెనో, ఆ చోటికి అంగళ్ళే నడచి వచ్చినవి. షావోలిన్ పోగొట్టుకొన్నదేమో తెలిసికొనుటకు ఈ విన్నపములు చాలును.

ఈ మార్పు ఎట్లు వచ్చెనో కూడ న్యాయముగా చెప్పవలెను. 1928లో షీ యూసాన్ అను సేనాని విహారమునకు నిప్పు పెట్టించెను. నలువది దినములకు పైగా మంటలు ఆరలేదందురు. ముఖ్యమందిరములును, తరతరముల గ్రంథములును బూడిదయైనవి. పిమ్మట 1966లో మొదలైన సాంస్కృతిక విప్లవకాలమున మిగిలిన కొద్దిమంది భిక్షువులు అవమానములపాలైరి. శిథిలమైన గోడలనడుమ వేళ్ళమీద లెక్కింపదగిన వృద్ధులు మిగిలియుండిరి. అట్టి సమయమున, 1982లో, 'షావోలిన్ దేవాలయము' అను చలనచిత్రము వచ్చినది. జెట్ లీ యను యువకుడు అందు నాయకుడు. దేశమంతయు ఆ బొమ్మను చూచెను. చూచిన పిల్లలు ఇండ్లు విడిచి షావోలిన్‌కు దారి పట్టిరి. విహారము చిత్రమునకు కథనిచ్చెను. అటుపిమ్మట చిత్రమే విహారమునకు రూపమిచ్చెను. ప్రజలు తెరమీద చూచినదానిని వెదకికొనుచు వచ్చిరి. వచ్చినవారికి అది చూపబడెను.

1998లో షావోలిన్ పేరును వ్యాపారచిహ్నముగా కాపాడుకొనుటకు ఒక కంపెనీ వెలసెను. యునెస్కో పట్టికలో చేరుటకై, ఆవరణమును శుభ్రపరచు నెపమున, చుట్టునున్న దుకాణములను, బడులను, పల్లెల ఇండ్లను పడగొట్టి ప్రజలను దూరముగా తరలించిరి. 2009లో డెంగ్‌ఫెంగ్ అధికారులు హాంకాంగు యాత్రాసంస్థ యొకదానితో కూడి ఆ ప్రదేశపు పర్యాటకవ్యాపారమునకు కంపెనీ స్థాపింపగా, అందు సగమునకు మించిన భాగము ఆ సంస్థదయ్యెను. టిక్కెట్టు రాబడిలో తనకు రావలసిన భాగము రాలేదని 2014లో విహారము న్యాయస్థానమునకెక్కెను. 2015లో ఆస్ట్రేలియాలో భూమి కొని, దేవాలయముతోపాటు హోటలును, గోల్ఫు మైదానమును కట్టవలెనను తలంపు చేసిరి. వీనిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క సమర్థనము కలదు. అన్నిటిని వరుసగా పెట్టి చూచినప్పుడు, వ్యాజ్యమాడువారు గాని ఒప్పందము చేసికొనువారు గాని ధ్యానమును గూర్చి ఒక్కమాటైనను ఆడలేదని తెలియును.

దీనిని సమర్థించువారి వాదము బలహీనమైనది కాదు. సినిమా రాకున్న విహారము మట్టిలో కలిసియుండెడిది. యాత్రికుల ధనముతోనే కాలిన మందిరములు మరల లేచినవి. ఆ కొండప్రాంతపు బీదలకు బ్రతుకుతెరువు దొరకినది. చేతులు చాచని బిచ్చగానికి భిక్ష ఎవరిడుదురు అని వారందురు. మన దేవాలయములు మాత్రము జనసమ్మర్దము లేక నిలిచినవా యనియు అడుగవచ్చును.

నిలువలేదు. కాని భేదము కలదు. మన ఊళ్ళలో తిరునాళ్ళు జరుగును. గుడి వాకిట రంగులరాట్నము తిరుగును. బొమ్మలవాడు, మిఠాయివాడు, గారడీవాడు వత్తురు. ఎవరును తప్పుపట్టరు. తిరునాళ్ళు ముగిసి అందరును వెడలినపిదప అర్చకుడొక్కడే దీపము వెలిగించి నైవేద్యము పెట్టును. వర్షము కురిసి ఒక్క భక్తుడైనను రాని నాడు కూడ పెట్టును. జనము వచ్చుట పూజకు ఫలము. పూజకు కారణము గాదు. రంగులరాట్నము వాకిట ఉండవచ్చును. దానిని గర్భగుడిలో నిలిపి, దేవుని అలంకారమునకై వాకిట పెట్టినప్పుడు అది గుడి కాదు. షావోలిన్‌లో ధ్యానమందిరమున కూర్చుండు భిక్షువులు నేటికిని లేకపోలేదు. కాని లోకమునకు విహారమనగా వారు గారు. వారు ప్రదర్శనమునకు వెనుక వ్రేలాడు తెరయైరి.

ఈ మార్పున సాము కూడ చెడినది. శత్రువు నుండి ప్రాణము కాచుకొనుటకు నేర్చిన కర్రసామునకును, కెమెరా ముందు అరగంటలో చప్పట్లు కొట్టించుకొనుటకు నేర్చిన గంతులకును ప్రయోజనము వేరు. కావున శిక్షణ వేరు. సహస్రబుద్ధమందిరములో నేలమీద నలువదియెనిమిది గుంటలున్నవి. భిక్షువులు తరతరములు అక్కడ నిలిచి పాదతాడనము చేయగా ఏర్పడినవని చెప్పుదురు. అవి ఒక తరమునకు గాని, ఒక ప్రేక్షకునికి గాని ఏర్పడునవి కావు. చూచువారు లేని అభ్యాసము వలననే ఏర్పడినవి. కుంగ్‌ఫూ యను మాటకు మొదటి అర్థము వానియందు కనిపించును. అందుచే యాత్రికులు వానిని చూచి ఆశ్చర్యపడుటయు సహజమే. ఆశ్చర్యపడినవారిని అక్కడ ఒక్క నిమిషమైన నిలువనీయక తరువాతి ఆటకు వేళయైనదని పిలుచుటయే నాకు బాధ.

పిల్లల సంగతి ఉపాధ్యాయునిగా చెప్పక తప్పదు. ఆ సాముబడులకు వచ్చువారిలో అధికులు పల్లెలనుండి వచ్చిన బీదకుటుంబములవారు. తండ్రులు కష్టార్జితము పెట్టి పంపుదురు. బాలుడు తాను జెట్ లీ కావలెనని వచ్చును. వేకువజామున లేచి, వరుసలలో పరుగిడి, ఎముకలు నొచ్చునట్లు శ్రమించును. అందులో కొందరు సైనికులు, పోలీసులు, శిక్షకులు అగుదురు. పలువురు కంపెనీల గుమ్మములకడ కావలివాండ్రగుదురు. ఈ వృత్తులలో నొకటియు హీనము గాదు. ఆ బడులు క్రమశిక్షణ నేర్పుననుటయు నిజము. కాని పుస్తకమునకు చెందవలసిన గంటలను కవాతు మ్రింగినచో, పిల్లవానికి తెలియకుండనే వాని జీవితములోని పెక్కు తలుపులు మూయబడును. పదివేలమంది ఒక్కమారు చేయెత్తుట చూచుటకు కన్నులపండుగయే. ఆ పదివేలలో ఒక్కొక్కని గూర్చి విడిగా ఆలోచించువాడే ఉపాధ్యాయుడు.

2025 జూలైలో షావోలిన్ మఠాధిపతి షీ యాంగ్‌షిన్‌పై విచారణ జరుగుచున్నదని విహారమే ప్రకటించెను. ధనాపహరణము, భిక్షునియమముల ఉల్లంఘనము ఆయనపై మోపిన అభియోగములు. చీనా బౌద్ధసంఘము ఆయన దీక్షాపత్రమును రద్దుచేసెను. లోయాంగ్‌లోని శ్వేతాశ్వవిహారమునుండి వేరొక భిక్షువు అధిపతిగా వచ్చెను. నేరమును నిర్ణయించుట న్యాయస్థానపు పని గావున దానిని గూర్చి నేను చెప్పుటకేమియు లేదు. కాని ఒక్క మనుష్యుని తొలగించుటతో రోగము కుదిరినదనుకొనుట పొరపాటు. 1999లో అధిపతి యైన ఆ భిక్షువును విహారపు వాణిజ్యకర్తయని లోకము ఏండ్లతరబడి మెచ్చుకొనెను. విహారమునకు రాబడియే కొలబద్ద యైనప్పుడు, దానిని పెంచువాడే గొప్ప మఠాధిపతి యగును. కొలబద్దను మార్చక మనిషిని మార్చిన ఫలమేమి?

ఇక మన మాట. షావోలిన్‌ను చూచి నవ్వుటకు మనకధికారము లేదు. ఆ ప్రదర్శనశాలకు ప్రేక్షకులు ఎవరు? బోధిధర్ముడు యుద్ధగురువనిన ఈలలు వేసి, ధ్యానగురువనిన ఆవులించు మనమును అందులో చేరినవారమే. మన కృష్ణాతీరమున నాగార్జునకొండయందు మూడవ శతాబ్దపు ఇక్ష్వాకు రాజుల నాటి శాసనమొకటి కాశ్మీర, గాంధార, చీనాది దేశములవారిని ధర్మమునకు త్రిప్పిన ఆచార్యులను పేర్కొనుచున్నది. బోధిధర్ముని కథ నమ్మదగినదైనను కాకున్నను, మన నేలకును చీనా ధర్మమునకును గల చుట్టరికమునకు ఈ రాయి సాక్షి. గర్వమే కావలెనన్న దీనిని గూర్చి గర్వపడవచ్చును. సినిమా దీనిని చూపలేదు గావున మన పిల్లలకిది తెలియదు. మనము చూపలేదు గావున అనుట మరింత సత్యము.

ఆ నాగార్జునకొండయందే 1954 మొదలు జరిగిన త్రవ్వకములలో నాలుగువైపుల మెట్లుగల క్రీడాప్రాంగణ మొకటి బయల్పడినది. ఆనకట్ట నీటిలో మునుగకుండ దానిని తీసి అనుపులో మరల పేర్చిరి. కావున ఆనాటి విజయపురి ప్రజలు వేడుకలెరుగనివారు కారు. వారికి కూర్చుండి చూచుటకు మెట్లుండెను. భిక్షువులకు విహారములు వేరుగ ఉండెను. రెండిటికిని ఒకే పురమున చోటు దొరకెను. ఒకటి రెండవదానిని ఆక్రమింపలేదు. షావోలిన్‌కు కావలసినదియు ఇంతకంటె ఎక్కువ కాదు. సాము ఆడుటకు ఊరిలో రంగస్థలము కట్టుకొనవచ్చును. విహారపు గోడలలోపల దానిని నిలిపివేయవచ్చును. దినములో కొన్ని గంటలైనను ద్వారము మూసి భిక్షువులకు విడువవచ్చును. అందువలన రాబడి తగ్గును. తగ్గినంత విహారము మిగులును.

మరునాడు తరగతిలో ఆ విద్యార్థిని పిలిచి, బోధిధర్ముడు కుంగ్‌ఫూ నేర్పెననుటకు ప్రాచీన సాక్ష్యము లేదని చెప్పితిని. వాని ముఖము చిన్నబోయెను. "అయితే ఆయన చేసినదేమి, మాస్టారూ?" అనెను. గోడకెదురుగా తొమ్మిదేండ్లు ఊరక కూర్చుండెనని చెప్పుదురంటిని. పిల్లలందరును నవ్విరి. ఆ విద్యార్థి మాత్రము కొంతసేపూరకుండి, "తొమ్మిదేండ్లా? అది ఇంకను కష్టము గదా!" అనెను. వానికి విషయము తెలిసినది. పెద్దలకు తెలియజెప్పుట ఎట్లో ఆలోచింపవలెను.